అనువంశికత మిగిలింది, పరిణామం పోయింది

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర పనిచేసేవారికి రసాయనశాస్త్రం పుస్తకంలో చదవాల్సిన విషయం కాదు. అది వారి అరచేతుల మీద ఉంటుంది. సున్నపురాయిని బొగ్గుతో కలిపి బట్టీలో పేర్చి కాలిస్తే రాయిలోని కార్బన్ డయాక్సైడ్ వాయువు వెళ్ళిపోయి పొడిసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే సలసల కాగి తడిసున్నం అవుతుంది. గోడకు పూసిన ఆ వెల్ల రెండు మూడు రోజుల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని తిరిగి సున్నపురాయి గుణానికి వస్తుంది. పదో తరగతి రసాయనశాస్త్రం మొదటి పాఠంలో ఉన్నది సరిగ్గా ఇదే. బట్టీ దగ్గర బతుకుతున్న ఇంటి పిల్ల ఈ పాఠాన్ని పరాయి విషయంలా కంఠస్థం చేస్తుంది. మార్చి చివరి వారంలో పరీక్ష రాస్తుంది. నూటికి 35 రాకపోతే ‘సైన్స్ రాని పిల్ల’ అనిపించుకుని మళ్ళీ ఆ బట్టీ దగ్గరికే చేరుతుంది.

సైన్స్‌కు కులం లేదని అందరూ అంటారు. నిజమే, సైన్స్‌కు లేదు. అయితే సైన్స్ పాఠం ఎవరికి ఎంతవరకు అందాలి, ఏ పరీక్ష గట్టెక్కితే ఎవరు ముందుకు వెళ్ళాలి, ఏ అధ్యాయం అదనపు భారం, ఏది అవసరం అన్న నిర్ణయాలకు మాత్రం కులం ఉంది. గత ఆరేడేళ్ళుగా ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి సైన్స్ పాఠ్యక్రమంలోనూ, పరీక్షా విధానంలోనూ వచ్చిన మార్పులను పల్నాడు నేల మీద నిలబడి చూస్తే ఈ మాట ఆరోపణ కాదని, అనుభవమని తెలుస్తుంది. ఈ మార్పులపై చర్చ ఇంతవరకు మాధ్యమం గురించి, రాజకీయ పార్టీల గెలుపోటముల గురించి జరిగింది. ఎవరి పిల్లలు ఏమి కోల్పోయారన్న ప్రశ్న మాత్రం పక్కన ఉండిపోయింది.

ఒకే తరం, ఎన్నో మలుపులు

మలుపులను వరుసగా చూద్దాం. ఒకప్పుడు పదో తరగతి అంటే 11 పేపర్లు. సైన్స్‌లో భౌతిక రసాయన శాస్త్రాలకు ఒకటి, జీవశాస్త్రానికి ఒకటి. నిరంతర సమగ్ర మూల్యాంకనం అమల్లో ఉన్న కొన్నేళ్ళు 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు బడిలో చేసే పనికి ఉండేవి. 2019లో ఆ 20 అంతర్గత మార్కులను తొలగించారు. 2020లో, 2021లో కరోనా వల్ల పరీక్షలే జరగలేదు. అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2022లో 7 పేపర్లతో పరీక్ష జరిగితే ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. రెండు లక్షలకు పైగా పిల్లలు తప్పారు. 2023లో పేపర్లను 6కు కుదించి సైన్స్ మొత్తాన్ని ఒక్క రోజులోకి చేర్చారు. 2024లో మళ్ళీ సైన్స్‌ను రెండు రోజులకు విడదీసి ఒక్కొక్కటి 50 మార్కుల పేపరుగా మార్చారు. ఉత్తీర్ణత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం. నాలుగేళ్ళలో ఇంత ఎగుడుదిగుడు పిల్లల తెలివితేటల్లో వచ్చింది కాదు, కొలబద్ద మారడం వల్ల వచ్చింది.

దీనికి సమాంతరంగా మరో కథ నడిచింది. 2022-23లో 1,000 ప్రభుత్వ రంగ పాఠశాలలను సీబీఎస్‌ఈ పరిధిలోకి తెచ్చారు. వాటిలో కస్తూర్బా బాలికా విద్యాలయాలు, ఆదర్శ పాఠశాలలు, గురుకులాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలు, అందునా ఆడపిల్లలు ఎక్కువగా చదివే బడులవి. ఆ పిల్లలు పదికి వచ్చేసరికి ప్రభుత్వం మారింది. 2024 సెప్టెంబరులో, విద్యాసంవత్సరం నడుస్తుండగా, వారిని తిరిగి రాష్ట్ర బోర్డు పరీక్షకు మళ్ళించారు. సీబీఎస్‌ఈ పరీక్షకు ఆ పిల్లలు సిద్ధంగా లేరని కొత్త ప్రభుత్వం చెప్పింది. అది నిజమే కావచ్చు. కానీ రెండేళ్ళు వారిని సిద్ధం చేయకుండా బోర్డు పేరు మాత్రమే మార్చినవారు, సిద్ధం చేయడానికి బదులు పేరును వెనక్కి మార్చినవారు ఒకే పని చేశారు. ఇద్దరూ పిల్లల మీద ప్రయోగం చేశారు. పిల్లల చేత ప్రయోగం చేయించినవారు లేరు.

సొంత డబ్బుతో బడిని ఎంచుకునే కుటుంబానికి బోర్డు మార్పు ఒక నిర్ణయం. గురుకులంలో సీటు దొరకడమే అదృష్టమనుకునే కుటుంబానికి అది నెత్తిన పడే వాన. ఈ తేడాను కులం అనక వేరే పేరుతో పిలవడం కష్టం.

తీసేసిన పుటల్లో ఏముంది?

పరీక్షల మార్పు అందరికీ కనిపించింది. పుస్తకం మార్పు అంతగా కనిపించలేదు. 2024-25 నుంచి రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకాలు వచ్చాయి. అంతకుముందున్న రాష్ట్ర పుస్తకంలో అనువంశికత అధ్యాయంలోనే జీవపరిణామం ఉండేది. లామార్క్, డార్విన్, శిలాజాలు, మానవ పరిణామం అన్నీ ఆ పాఠంలో భాగం. భౌతిక రసాయనశాస్త్రంలో పరమాణు నిర్మాణం, మూలకాల వర్గీకరణ, రసాయన బంధం వేర్వేరు అధ్యాయాలుగా ఉండేవి. ఎన్‌సీఈఆర్‌టీ అప్పటికే ‘హేతుబద్ధీకరణ’ పేరుతో తన పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామాన్ని, ఆవర్తన పట్టికను తొలగించింది. ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం పేరు ‘అనువంశికత’గా మిగిలింది. 2023 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు దీనిని వ్యతిరేకిస్తూ బహిరంగ లేఖ రాశారు. అలా కత్తిరించిన పుస్తకమే మన పిల్లల చేతికి వచ్చింది.

కరోనా కాలంలో పిల్లలపై భారం తగ్గించడానికే ఇలా చేశామని, ఈ విషయాలు పై తరగతుల్లో ఉన్నాయని ఎన్‌సీఈఆర్‌టీ సమాధానం. ఆ సమాధానంలోనే అసలు సమస్య ఉంది. పై తరగతుల్లో అంటే ఎక్కడ? ఆవర్తన పట్టిక పదకొండులో, పరిణామం పన్నెండో తరగతి జీవశాస్త్రంలో. పది తర్వాత ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు, సీఈసీకి వెళ్ళే విద్యార్థికి పరిణామ సిద్ధాంతం జన్మలో ఒక్కసారి కూడా ఎదురుకాదు. ఎంపీసీ చదివి ఇంజనీరయ్యే వారికీ ఎదురుకాదు. పదితో చదువు ఆగిపోయి మిరప చేలకు, బట్టీలకు, క్వారీలకు వెళ్ళేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరికి పదో తరగతి సైన్సే ఆఖరి సైన్సో, వారినుంచే దీన్ని తీసేశారు. పల్నాడు ఊళ్ళలో వారు ఎవరో అందరికీ తెలుసు.

తీసేసిన భాగంలో మానవ పరిణామంపై చిన్న విభాగం ఉండేది. చర్మపు రంగును బట్టి మనుషులను జాతులుగా విభజించడానికి జీవశాస్త్ర ఆధారం లేదని, మనుషులంతా ఆఫ్రికాలో పుట్టిన ఒకే జీవజాతి అని అది పదిహేనేళ్ళ పిల్లలకు సూటిగా చెప్పేది. ఈ దేశపు బడిలో ఇంతకంటే అవసరమైన సైన్స్ పాఠం మరొకటి ఉంటుందా?

సగం పాఠం ఎవరికి మేలు?

అనువంశికతను మాత్రమే ఉంచి పరిణామాన్ని తీసేయడం వల్ల పాఠం సగమైంది. సగం పాఠం కొన్నిసార్లు పాఠం లేకపోవడం కంటే ప్రమాదం. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు వస్తాయని మెండెల్ బఠానీ మొక్కలతో నిరూపించాడని పిల్లలు చదువుతారు. బడి బయటకు వస్తే ఊరు వారికి అదే విషయాన్ని వేరే భాషలో చెబుతుంది. ‘చదువు వాళ్ళ ఇంటా వంటా లేదు’, ‘ఎంతైనా రక్తం ఎక్కడికి పోతుంది’, ‘వాళ్ళకు పుట్టుకతోనే లెక్కలు వస్తాయి’. పుట్టుక గుణాన్ని నిర్ణయిస్తుందన్న కులనీతి, లక్షణాలు సంక్రమిస్తాయన్న మెండెల్ సూత్రం ఒకటే అనిపించే అవకాశం పసి మనసుకు చాలా ఉంది. వైవిధ్యం ఎలా పుడుతుంది, జనాభాలు ఎలా కలిసిపోతాయి, ఎలా విడిపోతాయి, బతుకులో నేర్చుకున్నది జన్యువుల ద్వారా ఎందుకు సంక్రమించదు అన్నది చెప్పేది పరిణామ పాఠం. నాట్లు వేయడం గానీ, వేదం చదవడం గానీ జన్యువులో రాసి ఉండదని చెప్పే చోటు అదే. ఆ చోటే ఖాళీ అయింది.

కులాన్ని జీవశాస్త్రంతో సమర్థించే ప్రయత్నం కొత్తది కాదు. 1936లో ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ ఈ వాదనను విడిగా తీసుకుని ఖండించారు. కులభేదాలను జాతిభేదాలుగా చూపడం వాస్తవాలను వక్రీకరించడమేనని, జాతి మెరుగుదల పేరుతో కులాన్ని సమర్థించలేమని వాదించారు. ఆనాడు ఆయన చేతిలో జన్యుపటాలు లేవు. నేడు మనకు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనే తయారయ్యాయి. 2009లో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి ‘నేచర్’లో, 2013లో మరో పత్రికలో ప్రచురించిన అధ్యయనాల సారం ఇది: సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకు ఈ ఉపఖండంలో భిన్న జనాభాలు విస్తారంగా కలిసిపోయాయి. అగ్రకులాలనబడేవి, అంటరానివనబడేవి, ఆదివాసీ సమూహాలు అన్నింటిలోనూ ఆ కలయిక జాడ ఉంది. ఆ తర్వాత సమూహాలు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం బిగుసుకుంది.

ఆ బిగింపుకు మూల్యం కూడా సైన్సే చెబుతోంది. వేల ఏళ్ళుగా లోపలి పెళ్ళిళ్ళే చేసుకున్న సమూహాల్లో కొన్ని అంతర్గత జన్యులోపాలు పేరుకుపోతాయి. ఆ అధ్యయనాల్లో ఆంధ్రప్రదేశ్ వైశ్యులు దీనికి ఉదాహరణగా నిలిచారు. శస్త్రచికిత్స సమయంలో మత్తుమందుతోపాటు ఇచ్చే ఒక కండర సడలింపు మందు ఆ సమూహంలో కొందరికి ప్రమాదకరం కావడం వైద్యులకు తెలిసిన విషయం. ఇది ఏ ఒక్క కులం తప్పూ కాదు, తక్కువతనమూ కాదు. కులాంతర వివాహాన్ని నిషేధించిన వ్యవస్థ మనందరి ఒంట్లో రాసిన బిల్లు. మన రాజధానిగా ఉన్న నగరంలోనే జరిగిన ఈ పరిశోధన మన పదో తరగతి పాఠంలో ఒక పెట్టెలోనైనా చోటు చేసుకోలేదు. చోటిస్తే మెండెల్ బఠానీలు తెలుగు ఊరి పెళ్ళిళ్ళ దాకా వచ్చి ఉండేవి.

ఏటికి ఈ ఒడ్డున, ఆ ఒడ్డున

మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ నాగార్జునసాగర్ కుడి ఒడ్డున ఉంటుంది. ఎదురుగా ఎడమ ఒడ్డున తెలంగాణలోని నల్లగొండ జిల్లా. 2024-25లో ఆ ఒడ్డున పదో తరగతి చదివిన పిల్లలు రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆవర్తన పట్టికను, జీవపరిణామాన్ని చదువుకున్నారు. ఈ ఒడ్డు పిల్లలకు అవి లేవు. 2014 నాటికి రెండు రాష్ట్రాల పిల్లలకు ఉన్న పాఠం ఒకటే. నది ఒకటే, భాష ఒకటే, కూలి బతుకులూ ఒకటే. మనిషి ఎక్కడినుంచి వచ్చాడన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఒక ఒడ్డునే ఉంది.

విడ్డూరమేమిటంటే, ఆ జలాశయం మధ్య ద్వీపం మీద నాగార్జునకొండ మ్యూజియం ఉంది. డ్యామ్ కట్టడానికి ముందు 1950లలో జరిగిన తవ్వకాల్లో రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగాల దాకా మానవ నివాసపు ఆనవాళ్ళు అక్కడ బయటపడ్డాయి. పరిణామాన్ని బోధించడానికి పల్నాడు ఉపాధ్యాయుడికి విదేశీ శిలాజాల బొమ్మలు అక్కర్లేదు. పడవ టికెట్టు చాలు. ఏ కులమూ పుట్టని కాలంలో రాతిని చెక్కిన మనిషి చేతిపని అక్కడ గాజు పెట్టెలో ఉంది. పిల్లలు ఏటా విహారయాత్రకు వెళ్ళి దాన్ని చూసి వస్తారు. చూసినదాన్ని చెప్పే పాఠం మాత్రం పుస్తకంలో లేదు.

ప్రయోగశాల గడప

ఇక 20 అంతర్గత మార్కుల సంగతి. వాటిని తీసేయడానికి చెప్పిన కారణం తెలిసిందే: ప్రైవేటు బడులు తమ పిల్లలందరికీ ఇరవైకి ఇరవై వేసుకున్నాయి. ఆ దుర్వినియోగం నిజమే. దానికి విరుగుడు బయటి పర్యవేక్షణ. కానీ మార్కులనే ఎత్తేశారు. ఫలితంగా ప్రయోగానికి, ప్రాజెక్టుకు పదో తరగతి ధ్రువపత్రంలో విలువ పోయింది. మార్కులు లేని పనికి బడిలో సమయం ఉండదు, సమయం లేని చోట పరికరాలకు దుమ్ము పడుతుంది. దొంగతనం చేసినవాడు ఒకడైతే తాళం పడింది ఇంకొకరి ఇంటికి.

నేను చదువుకున్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల గదికి ఎప్పుడూ తాళమే ఉండేది. తెరిచిన ఒకే ఒక్క రోజు తనిఖీ అధికారి వచ్చిన రోజు. ఆ రోజు బీకరు పట్టుకోవడానికి ముందు వరసలోని నలుగురిని పిలిచారు. గది ఊడ్చి, బల్లలు తుడిచినది మాత్రం మేము, వెనక వరసల వాళ్ళం. ఎవరు ఏ పనికి పనికొస్తారన్నది అప్పటికే నిర్ణయమై ఉందని మాకు అర్థమైంది, కానీ దానికి పేరు తెలియలేదు. ఇప్పటికీ ఊడ్చే పిల్లలూ, కొలిచే పిల్లలూ వేరువేరుగా ఉన్న బడులు లేవని ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

చేతిపనిని చిన్నచూపు చూసే సంస్కృతిలో ప్రయోగం మొదటినుంచీ అనాథే. మాదిగల లందలో జరిగినది రసాయనశాస్త్రమే: సున్నపు నీటిలో నానబెడితే తోలుమీద వెంట్రుకలు వదులవుతాయి, తంగేడు చెక్కలోని, కరక్కాయలోని టానిన్లు తోలు పోగులను పట్టి కుళ్ళకుండా నిలుపుతాయి. ఆమ్లం, క్షారం, ప్రోటీను అన్నీ ఉన్న ఈ ప్రక్రియను చేసినవారిని ఊరి బయట ఉంచి, చేయని వారు పండితులయ్యారు. ఉత్పత్తి కులాల పనిలోని విజ్ఞానాన్ని పిల్లలకు చెప్పాలని కంచ ఐలయ్య ఒక పుస్తకమే రాశారు. దీని అర్థం పిల్లలు తిరిగి లందలోకి, బట్టీలోకి వెళ్ళాలని కాదు. ఆ పని నుంచి బయటపడే హక్కు వారికి ఉంది. ఆ పనిలోని జ్ఞానానికి గౌరవం పొందే హక్కూ ఉంది. ఇవి రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. తాత చేసిన పని పాఠంలో కనిపించిన పిల్లవాడికి సైన్స్ పరాయిది కాదు.

భాష, బతుకు, పరీక్ష తేదీ

మాధ్యమం గురించి రెండు పక్షాల వాదనల్లోనూ నిజం ఉంది. ఇంగ్లిష్ తమ పిల్లలకు ఇవ్వాలని దళిత బహుజన తల్లిదండ్రులు కోరడం న్యాయమైన కోరిక. దానిని వెక్కిరించినవారిలో చాలామంది పిల్లలు ఇంగ్లిష్‌లోనే చదివారు. అయితే ఇంగ్లిష్ మాధ్యమం అని బోర్డు పెట్టడం, ఆ భాషలో సైన్స్ అర్థమయ్యేలా చెప్పడం వేరు. మరోపక్క మన తెలుగు సైన్స్ పుస్తకాల భాష కూడా అందరిదీ కాదు. ‘కిరణజన్య సంయోగక్రియ’ తండాలో పుట్టిన సుగాలి పిల్లకు ఫొటోసింథసిస్ అంత దూరమే. ఒక వైపు ఇంగ్లిష్, ఒక వైపు సంస్కృతం, మధ్యలో పిల్ల. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు ఈ విషయంలో మంచి పని చేశాయి. వాటిని పదో తరగతి దాకా బలపరచాలి. రెండు భాషల్లో ఏదైనా ఎంచుకుని జవాబు రాసే స్వేచ్ఛ ఏటేటా వేడుకుంటే దొరికే మినహాయింపుగా కాక, నియమంగా ఉండాలి.

మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల నుంచి గానీ, ఊళ్ళలోని మాల మాదిగ పల్లెల నుంచి గానీ పదో తరగతి పిల్లలకు మరో పరీక్ష కూడా ఉంది. అది మిరప కోత. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పల్నాడు చేలల్లో ఎర్రబంగారం పండుతుంది. కర్నూలు పశ్చిమ ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతలకు తరలివస్తాయి. పునశ్చరణ తరగతులు, ప్రీఫైనల్ పరీక్షలు, పబ్లిక్ పరీక్షలు అన్నీ అదే కాలంలో. కూలి ఇంట్లో పెద్దలు తెల్లవారకముందే చేనికి వెళితే వంట, చంటిపిల్లల బాధ్యత పదో తరగతి ఆడపిల్లదే. అలాంటి పిల్ల హాజరు పట్టికలో గైర్హాజరు, ఫలితాల పట్టికలో అనుత్తీర్ణత. పట్టికల్లో కోత కాలమ్ ఉండదు.

తిండి, పడక, చదువుకునే వేళ దొరికితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2023లో రాష్ట్ర సగటు 72.26 శాతమైతే ఏపీ గురుకుల పాఠశాలల ఉత్తీర్ణత 95 శాతం దాటింది. జిల్లాల్లో ఆ ఏడాదీ, తర్వాతి రెండేళ్ళూ మొదటి స్థానం ఏ కార్పొరేట్ విద్యా కేంద్రానిదీ కాదు. గిరిజనులు ఎక్కువగా ఉన్న పార్వతీపురం మన్యానిది. మరోవైపు 2025లో అట్టడుగున నిలిచినది కూడా గిరిజన జిల్లాయే, 47.64 శాతంతో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఒకే తరహా సమాజాలు, ఒకే పరీక్ష. పైన ఒకటి, కింద ఒకటి. తేడా రక్తంలో లేదు, ఏర్పాట్లలో ఉంది.

రిజర్వేషన్‌కు ముందున్న తలుపు

రిజర్వేషన్ల మీద, వర్గీకరణ మీద ఎంతో చర్చ జరుగుతోంది, జరగాలి. కానీ మెడికల్ సీటులో, ఇంజనీరింగ్ సీటులో వాటా ఎవరిదన్న ప్రశ్న ఇంటర్ సైన్స్ దాకా చేరినవారికే. 2025-26 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరానికి కూడా ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమం వచ్చింది. వృక్ష, జంతు శాస్త్రాలు ఒకే జీవశాస్త్రంగా కలిశాయి. గణితం, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీకి వీలు కలిగింది. ఇవి మంచి మార్పులే కావచ్చు. అయితే పదిలో ఆవర్తన పట్టిక చూడని విద్యార్థి పదకొండులో మూలకాల ఆవర్తన ధర్మాల అధ్యాయంలోకి నేరుగా దిగుతాడు. నరసరావుపేటలోనో గుంటూరులోనో ఫీజు కట్టి చదివేవాడికి వేసవి సెలవుల్లోనే వారధి తరగతులు ఉంటాయి. గురజాల ప్రభుత్వ జూనియర్ కళాశాలకు నడిచివచ్చే పిల్లవాడికి ఆ వారధి ఎవరు కడతారు? వారధి లేని చోట పిల్లలు ‘ఆసక్తి లేక’ ఆర్ట్స్ తీసుకున్నారని రాస్తారు.

ఈ సంగతి అంబేడ్కర్‌కు ఎనభై ఏళ్ళ కిందటే తెలుసు. వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా 1942 అక్టోబరులో ఆయన సమర్పించిన వినతిపత్రంలో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు సైన్స్, సాంకేతిక విద్యల కోసం ప్రత్యేక ఉపకారవేతనాలు అడిగారు. న్యాయశాస్త్రం, ఆర్ట్స్ చదువులు సరిపోవని, ఖర్చు ఎక్కువైన సైన్స్ విద్య తమవారికి అందనిదిగా ఉందని, దాన్ని అందించే బాధ్యత ప్రభుత్వానిదని ఆయన వాదన. వినుకొండలో 1895లో పుట్టి, బడిలోనే అంటరానితనం చవిచూసిన జాషువా అక్షరం మీద హక్కును కవిత్వంతో గెలిచారు. అక్షరం తర్వాతి గడప ప్రయోగశాల. అది ఇంకా గెలవాల్సి ఉంది.

ఏమి చేయాలి?

కోరదగినవి గొంతెమ్మ కోరికలు కావు. మొదటిది, రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ జీవపరిణామం, ఆవర్తన పట్టికలపై పదో తరగతికి ద్విభాషా అనుబంధ పుస్తకం వెంటనే తేవాలి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల నుంచి తొలగించిన సామాజిక శాస్త్ర భాగాలకు 2023లో కేరళ అనుబంధ పుస్తకాలు ముద్రించింది. సైన్స్‌కు మనం ఆ పని చేయలేమా? కొత్తగా రాయాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు, 2014 నాటి మన పుస్తకమే ఉంది. దానికి సీసీఎంబీ పరిశోధనల సారాన్ని జోడిస్తే చాలు. రెండోది, ప్రయోగానికి మార్కులు తిరిగి ఇవ్వాలి. ఆ పరీక్షను సొంత బడిలో కాక మండల స్థాయిలో బయటి పరీక్షకుల ఎదుట, ప్రైవేటు, ప్రభుత్వ పిల్లలందరికీ కలిపి జరపాలి. దానికి ముందు ప్రతి ఉన్నత పాఠశాలకు తెరిచి ఉండే ప్రయోగశాల కావాలి. మూడోది, కోతల కాలంలో పదో తరగతి పిల్లలకు పల్నాడు మండలాల్లో తాత్కాలిక వసతి గృహాలు తెరవాలి. నాలుగోది, ఫలితాల రోజున జిల్లాల వారీగా, యాజమాన్యాల వారీగా ఉత్తీర్ణత ప్రకటించినట్లే సైన్స్‌లో సామాజిక వర్గాల వారీ వివరాలనూ ప్రజల ముందు పెట్టాలి. ఐదోది, ఒక తరగతిలో చేరిన పిల్లలకు ఆ దశ పూర్తయ్యేదాకా బోర్డు, పరీక్షా విధానం మార్చకూడదన్న నియమం పెట్టుకోవాలి. ప్రభుత్వాలు మారవచ్చు, ఎనిమిదిలో చెప్పిన మాట పదిలో మారకూడదు.

పాఠం పెంచితే భారం కాదా అని కొందరు అడుగుతారు. అర్థం తెలియకుండా వల్లించేది ఒక పుట అయినా భారమే. తాను ఎవరో చెప్పే పాఠం భారం కాదు. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని 51ఎ అధికరణం చెబుతోంది. బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడడం రాజ్యం బాధ్యత అని 46వ అధికరణం చెబుతోంది. పల్నాడులో ఈ రెండూ కలిసే చోటు పదో తరగతి సైన్స్ గది.

బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడని కారంపూడిలో నేటికీ చెప్పుకుంటారు. ఆ కథను గర్వంగా చెప్పుకునే నేలమీద ఒక చిన్న ప్రయోగం ప్రతి బడిలో, ప్రతి పిల్ల చేత చేయించవచ్చు. దానికి కావలసినవి పిడుగురాళ్ళ సున్నం చిటికెడు, ఒక గ్లాసు నీళ్ళు, ఒక గొట్టం. తేరుకున్న సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడుతుంది. ఊదినది ఎవరైనా సరే, ఆ నీళ్ళు ఒకేలా తెల్లబడతాయి. పుస్తకంలో బొమ్మగా ఉన్న ఈ ప్రయోగాన్ని బట్టీ కూలీ కూతురు తన ఊపిరితో ఒక్కసారైనా చేసి చూడాలి.